గుమ్మడికాయకు తొలి గాటు

మా ఇంట్లో నిండు గుమ్మడికాయకు తొలి గాటు మగవాళ్ళే పెట్టాలి. ఆ తర్వాత ఆడవాళ్ళు ఎన్ని ముక్కలైనా చేసుకోవచ్చు, మొదటి దెబ్బ మాత్రం మగచేతిది. ఎందుకని అడిగితే మా అత్తగారు "అంతే" అనేవారు. మా అమ్మ గొంతు తగ్గించి "నిండుగా ఉన్నది కదే" అనేది. అంతకన్నా ఎవరూ చెప్పరు. ఒకసారి రెండు చేతులతో ఎత్తుకుని చూస్తే ఆ బరువూ ఆ గుండ్రదనమూ దేన్ని గుర్తుచేస్తాయో తెలిసిపోతుంది.

అలాంటి ఇంట్లో, ఏడో నెల కడుపుతో ఉన్న మా కోడలు ఒక మధ్యాహ్నం నా పక్కన చేరి, "అత్తయ్యా, నాకు పెద్ద గుమ్మడికాయ కావాలి. నిండుది. నేనే కోస్తాను," అంది.

మావాడు డాక్టరు చదువుకని ఆర్మేనియా వెళ్ళి, పట్టాతో పాటు ఈ పిల్లనీ వెంటబెట్టుకొచ్చాడు. వచ్చిన కొత్తలో తిరువూరు బజారులోని మా కిరాణా షాపుకి కందిపప్పు కోసం వచ్చేవాళ్ళకన్నా కోడల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళే ఎక్కువ. మావాడికి విజయవాడలో ఉద్యోగం, వేళాపాళా లేని డ్యూటీలు. అందుకని ఆరో నెల రాగానే ఆ అమ్మాయిని మా దగ్గర దింపి, తను శనివారాలు వచ్చి చూసి వెళ్తున్నాడు. పద్ధతి ప్రకారం తొలి కాన్పు పుట్టింటి వాళ్ళది. కానీ వాళ్ళమ్మకి మోకాలి ఆపరేషనైంది, అంత దూరం రాలేదు. ఆవిడ వీడియో కాల్లో నన్ను చూసి, గుండెల మీద చెయ్యి పెట్టుకుని ఏదో అంది. ఏమంటోందని కోడల్ని అడిగాను.

"నా పిల్ల ఇప్పుడు నీ చేతుల్లో ఉంది, అంటోంది అత్తయ్యా."

ఆ మాట విన్నాక నాకు వారం రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు. అసలే నేను పిరికిదాన్ని. గ్యాసు కట్టేశానో లేదోనని బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చే రకం. "నీకు భయపడ్డానికి ఏమీ దొరక్కపోతే, ఏమీ లేదేంటా అని భయపడతావే," అని మా ఆయన ఎగతాళి చేస్తుంటారు. చేయనీండి. ఆయనకి తెలియనిది ఒకటి నా దగ్గర ఉందనుకుంటూ, నేను ఇన్నేళ్ళూ ఆ ఎగతాళిని భరించాను.

కోడలికి గుమ్మడికాయ ఎందుకంటే, వాళ్ళకి క్రిస్మస్ జనవరి ఆరున వస్తుంది. కొత్త సంవత్సరం మొదలు ఆ రోజు దాకా ఇంటినిండా పండగే. ఆ రోజుల్లో వాళ్ళమ్మ గుమ్మడికాయ పైభాగం మూతలాగా కోసి, గింజలన్నీ గీకేసి, లోపల సగం ఉడికిన అన్నం, ఎండుద్రాక్ష, బాదంపప్పు, ఎండు ఆప్రికాట్లు, వెన్న, తేనె, కాస్త దాల్చినచెక్క పొడి కూరి, మూత పెట్టి ఓవెన్‌లో కాలుస్తుందట. దాని పేరు ఘపామా. కాలాక అందరి మధ్యా పెట్టి నిలువునా కోస్తే పువ్వు విచ్చుకున్నట్టు ముక్కలు విడిపోతాయట. పెళ్ళయ్యాక రెండేళ్ళు తనకి అది దొరకలేదు. ఈసారి కడుపులో బిడ్డకి ఆ రుచి తెలియాలంది. చెప్తూ చెప్తూనే కళ్ళు తుడుచుకుంది. కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగితే కాదనడానికి నోరెలా వస్తుంది?

"చేద్దాంలే. కాయ కొట్టేది మాత్రం మీ మావయ్య," అన్నాను.

"ఎందుకు?"

"గట్టిగా ఉంటుంది, నీ చేతికి లొంగదు."

నిజం చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఎందుకంటే ఆ నిజం నా దగ్గర ముప్ఫై రెండేళ్ళుగా మూటగట్టి ఉంది.

నా తొలి కడుపప్పుడు నాకు ఆరో నెల. అత్తగారు పేరంటానికి వెళ్తూ, మధ్యాహ్నానికి గుమ్మడికాయ పులుసు పెట్టమన్నారు. కాయ వంటింట్లో మూలన నిండుగా ఉంది. మా ఆయనా మామగారూ పొద్దున్నే షాపుకి వెళ్ళిపోయారు. కాయ కొట్టించడం అందరూ మర్చిపోయారు. నేను బీయస్సీ జువాలజీ చదివినదాన్ని. పిండం ఏ నెలలో ఎలా ఉంటుందో బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఎవరో వచ్చి గాటు పెట్టేదాకా నేనెందుకు కాచుక్కూర్చోవాలి అనిపించింది. కత్తిపీట వాల్చి, కాయ పైకెత్తి, రెండు చేతులతో దాని మీదికి దించాను. టక్కున విచ్చుకుంది. గెలిచినట్టు నవ్వుకున్నాను కూడా.

అత్తగారు వచ్చి మిగిలిన చెక్క చూసి, "ఎవరు కొట్టారు?" అన్నారు. అడిగింది ఆ రెండు ముక్కలే. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను పెద్ద కథ చెప్పాను. కట్టెలు కొట్టే అతను వచ్చాడనీ, పొయ్యికి కట్టెలున్నాయి రేపు రమ్మన్నాననీ, పోతూ పోతూ కాయ కొట్టి ఇమ్మన్నాననీ. ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, చీర మార్చుకోవడానికి వెళ్ళారు. పులుసు బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు. నేనూ రెండోసారి వేసుకున్నాను.

పదో రోజున నా కడుపు పోయింది.

గుమ్మడికాయకీ దానికీ సంబంధం లేదని నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోతుందా? అది తలలో ఉండదు. చేతుల్లో ఉంటుంది. కాయ విచ్చుకున్న ఆ చప్పుడు ఇన్నేళ్ళుగా నా చేతుల్లోనే ఉంది. నాలుగేళ్ళకి మావాడు పుట్టాడు. నేను గుమ్మడికాయ తినడం మానేశాను. వాతం చేస్తుందని చెప్పేదాన్ని. మా ఆయన కూడా ఎప్పుడో మానేశారు, సయించడం లేదన్నారు. అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఆవిడే వండుకుని ఆవిడే తిన్నారు. కాయ ఇంటికొస్తే చాలు, అది మంచి గుమ్మడికాయైనా వడియాల బూడిద గుమ్మడికాయైనా, మా ఆయన షాపుకి వెళ్ళేముందే కొట్టిపెట్టి వెళ్ళేవారు. పద్ధతి మనిషి అనుకునేదాన్ని.

ఇక మా కోడలి పండగ సంగతి. గంపలగూడెం నుంచి సరుకులకి వచ్చే రైతు ఒకాయన చక్కటి కాయ తెచ్చిచ్చాడు. మూడురోజుల ముందే వచ్చింది. కోడలి కంటపడకుండా దాన్ని గోనెసంచిలో చుట్టి మంచం కింద దాచాను. రాత్రి పడుకుంటే నా నడుం కింద అదే ఉన్నట్టు అనిపించేది. ఆరో తారీఖు పొద్దున్నే లేచి మా ఆయనకి కాఫీకన్నా ముందు కత్తి ఇద్దామనుకున్నాను. లేచేసరికి ఆయన చొక్కా వేసుకుంటున్నారు. మా బెల్లం లారీ దారిలో పంక్చరై నిలబడిపోయిందట.

"ఒక్క గాటండీ, ఒక్క నిమిషం," అన్నాను.

"వచ్చి కొడతాలేవే. పదింటికల్లా వచ్చేస్తా," అని బండి తీశారు.

మా ఇంట్లో ఓవెన్ లేదు. మెయిన్ రోడ్డు మీద కట్టెల బట్టీ ఉన్న పాత బేకరీ ఒకటుంది. దాని యజమాని అరవై దాటిన సాయిబు, మైదా మా షాపులోనే తీసుకుంటాడు, నన్ను చెల్లెమ్మా అంటాడు. రొట్టెలు తీసేశాక బట్టీలో వేడి మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. ఆ వేడిలో పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. ఎన్నింటికి తేవాలో కనుక్కుందామని ఫోన్ చేస్తే ఎత్తలేదు. సరే వెళ్ళొద్దామనుకుని, కోడలితో గట్టిగా చెప్పాను. "అన్నం సగం ఉడికాక దించు. బాదం నానబెట్టు. మంచం కింద ఉన్న కాయ జోలికి మాత్రం వెళ్ళకు. మావయ్య వస్తారు."

"సరే అత్తయ్యా," అంది. ఆ సరేలో నాకెందుకో నమ్మకం కుదరలేదు. వీధిలో గొబ్బెమ్మల మీద గుమ్మడి పూలు చూసి కూడా గుండె జారింది, అలా ఉంది నా స్థితి. వెళ్ళి రావడానికి అరగంట కూడా పట్టలేదు.

వచ్చేసరికి మంచం కింద సంచి ఖాళీగా ఉంది.

వంటింట్లో కోడలు నేల మీద కాగితం పరుచుకుని, కాళ్ళు బార్లా చాపి, కాయని ఆ పెద్ద కడుపుకి ఆనించి పెట్టుకుని, చెంచాతో గింజలు గీకుతోంది. మూత శుభ్రంగా గుండ్రంగా కోసి పక్కన పెట్టింది. నన్ను చూసి సంబరంగా, "అన్నం అయిపోయింది. చల్లారిపోతుంది కదా, అందుకే కోశాను. నా చెయ్యి గట్టిది!" అంది.

తలుపు పట్టుకున్నాను. తర్వాత నోటికొచ్చినట్టు అరిచాను. చెప్పిన మాట వినవా, నీకు పెద్దా చిన్నా లేదా, నీ ఇష్టమేనా అన్నీ అని. రెండేళ్ళలో నేనెప్పుడూ ఆ పిల్ల మీద గొంతు పెంచలేదు. అరుస్తూనే వెళ్ళి ఆ మూత తీసుకుని కాయ మీద పెట్టి, గాటు కనపడకుండా అదిమాను. అతుక్కుంటుందా? అయినా రెండు చేతులతో అదుముతూనే ఉన్నాను. తన మొహంలో సంబరం పోయింది. భయపడింది. నన్ను చూసి భయపడింది.

ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీసి పొయ్యిలో వేశాను. ఘాటు వస్తే మంచిదంటారు. ఘాటు రాలేదు. ఎండుమిర్చి పాతదేమోనని సర్ది చెప్పుకున్నాను గానీ నా మనసు వింటేగా.

వండటం ఆపుదామని నోటిదాకా వచ్చింది. కోసిన కాయని పారేస్తే అదింకా అరిష్టమేమో అనిపించింది. ఇద్దరం అన్నం, పళ్ళు, వెన్న కలిపి కూరాం. తను తేనె పోసింది, నేను మూత పెట్టాను. గిన్నెలో పెట్టి, గుడ్డ చుట్టి, ఆటో పిలిచాను. నువ్వు ఇంట్లో ఉండమంటే వినలేదు. ఆటో ఒక్కో స్పీడుబ్రేకర్ ఎక్కి దిగుతుంటే నేను గిన్నెని వదిలేసి తన కడుపు పట్టుకున్నాను. గిన్నెని తనే పట్టుకుంది.

సాయిబు మూత ఎత్తి చూసి, "మా పండగ పూట ఇంట్లో పిల్లలకి ఇది చేసి పెట్టాలి చెల్లెమ్మా," అని మురిసిపోతూ, పొడుగు కర్రతో దాన్ని బట్టీలోకి తోశాడు. గంటన్నర పడుతుందన్నాడు. కోడలికి ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. బట్టీ ఎదురుగా సెగ. కాలుతున్న వాసన కోసం ఆ పిల్ల కుర్చీ ఇంకా ముందుకి జరుపుకుంది. గంట గడిచేసరికి వెన్నా దాల్చినచెక్కా వాసన రోడ్డు మీదికి వచ్చింది. తను కళ్ళు మూసుకుని పీలుస్తోంది.

అలా కళ్ళు మూసుకునే ఉండి, చెయ్యి కడుపు మీద వేసుకుంది. రెండో చెయ్యి కూడా వేసుకుంది.

"అత్తయ్యా. గట్టిగా అయిపోయింది. రాయిలాగా. ఇందాక కూడా అయింది."

ఆ తర్వాత బేకరీ నుంచి నర్సింగ్ హోంకి ఎలా వెళ్ళామో నాకు సరిగ్గా గుర్తులేదు. సాయిబు ఆటో ఆపడం, "నేను చూసుకుంటా, మీరు పోండి!" అనడం గుర్తుంది. అమ్మాయిని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేశారు. మావాడికి ఫోన్ చేస్తే ఆపరేషన్ థియేటర్లో ఉన్నాడన్నారు. మా ఆయనకి చేస్తే అవుటాఫ్ కవరేజ్. ఆ వరండాలో బల్ల ఉంది, కూర్చోలేకపోయాను. ముప్ఫై రెండేళ్ళ కిందట ఇలాంటి తలుపు లోపల ఉన్నది నేను. బయట నిలబడటం అంతకన్నా కష్టమని ఆరోజే తెలిసింది. దేవుడికి ఏం మొక్కుకోవాలో కూడా తోచలేదు. నా చేతులు, నా చేతులు, ఏం చేసినా నన్ను చెయ్యి, ఆ పిల్ల వాళ్ళమ్మకి నేనేం చెప్పను, అని అదే పనిగా గొణుక్కున్నాను. పక్కనున్న ఆవిడ లేచి దూరంగా వెళ్ళి కూర్చుంది.

డాక్టరమ్మ తలుపు తీసి, "పొద్దున్నుంచీ ఏం చేసిందండీ ఈ అమ్మాయి?" అంది.

"గుమ్మడికాయ కొట్టిందండీ," అన్నాను. నా నోటినుంచి అదే వచ్చింది.

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, బెడ్ పక్కన నిలబెట్టి, మిషన్ శబ్దం పెంచింది. టకటకా టకటకా, పరుగెత్తుతున్నట్టు బిడ్డ గుండె. "విన్నారా? బాగుంది. నీళ్ళు తాగకుండా బట్టీ ముందు కూర్చుంటే ఒళ్ళు ఎండిపోదూ? అందుకే కడుపు బిగుసుకుంది. సెలైన్ పెట్టాం, తగ్గుతోంది. రెండు గంటలు చూసి పంపిస్తాను. మళ్ళీ మళ్ళీ బిగుసుకుంటే మాత్రం ఆలోచించకుండా వచ్చేయండి."

ఆ 'మళ్ళీ' అన్న మాటే నాకు వినపడింది.

సెలైన్ చుక్కలు పడుతుంటే కోడలు నా వైపు తిరిగింది. "అత్తయ్యా, పొద్దున ఎందుకు అంత కోపం?"

చెప్పేశాను. కత్తిపీట, కట్టెలతని అబద్ధం, పదో రోజు, అన్నీ. మూతిమీద కొంగు పెట్టుకుని, నర్సులకి వినపడకుండా చెప్పాను. తనకి ఎంత అర్థమైందో తెలియదు. అంతా విని, నా చెయ్యి పట్టుకుంది. తర్వాత, "పాపా? బాబా?" అంది.

ముప్ఫై రెండేళ్ళలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. మా అమ్మ కూడా అడగలేదు. పోయినదాని గురించి అడక్కూడదని అందరి ఉద్దేశం.

"పాప," అన్నాను. ఆ మాట బయటికి అనడం నాకదే మొదటిసారి. అక్కడే కూర్చుని ఏడ్చాను.

మావాడు థియేటర్ నుంచి బయటికొచ్చి డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడాక, సాయంత్రం దీపాలవేళకి ఇంటికొచ్చాం. మా ఆయన గుమ్మంలోనే ఉన్నారు, మొహం వాడిపోయి. సాయిబు అప్పటికే గిన్నె తెచ్చిచ్చి వెళ్ళాడట, మాడకముందే తీశానని మరీ మరీ చెప్పమన్నాడట. కోడల్ని దివాను మీద కూర్చోబెట్టి, గిన్నె మధ్యలో పెట్టాం. కాయ రంగు ముదిరి, తొక్క ముడతలు పడి, తేనె కారుతూ ఉంది. మా ఆయన అలవాటుగా చెయ్యి చాపారు. "ఇలా ఇవ్వు కత్తి."

"కాదు మావయ్యా," అంది కోడలు. "మా ఇంట్లో పెద్దావిడ కోస్తుంది. మా అమ్మమ్మ కోసేది. ఇక్కడ అత్తయ్య."

కత్తి నా చేతికిచ్చింది. అప్పటికే కోసిన కాయే కదా, భయమెందుకని మీరనవచ్చు. నా చెయ్యి లేవలేదు. కత్తి పట్టుకునే మా ఆయన వైపు తిరిగాను. ఇక దాచే ఓపిక నాకు లేదు.

"ఏవండీ. మన తొలి కడుపప్పుడు ఆ కాయ కట్టెలతను కొట్టలేదు. నేనే కొట్టాను."

ఆయన గిన్నె వైపే చూస్తూ, "తెలుసే," అన్నారు.

"ఎలా తెలుసు?"

"మర్నాడు అమ్మ షాపుకొచ్చింది. కట్టెలతన్ని ఇంటికి పంపింది నువ్వేనా, వాడేనా కాయ కొట్టింది అనడిగింది. అవునన్నాను."

"మీరు పంపారా?"

"ఎక్కడ పంపానూ? ఆ రోజంతా వాడు మన గొడౌన్లో బస్తాలు మోశాడు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా."

"మరి నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా, ఇన్నేళ్ళూ!"

"చెబితే, నాకు తెలుసని కూడా భయపడతావని," అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అందుకే కాయ ఇంటికొస్తే ముందు నేను కొట్టేసేవాణ్ణి. మళ్ళీ నీ చేతికి ఆ పని రాకూడదని. ఇవాళే, ఆ లారీ గొడవలో పడి..." అని ఆగిపోయారు.

సయించడం లేదని ఆయన పులుసు మానేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆయనకి ప్రాణం ఆ పులుసంటే. నేను అడగనూ లేదు, ఆయన చెప్పనూ లేదు. ఒకే కంచం ముందు ఇద్దరం చెరో అబద్ధం చెప్పుకుంటూ ముప్ఫై రెండేళ్ళు తిన్నాం.

కత్తి దించాను. కాలిన కాయ కదా, చప్పుడే రాలేదు. మెత్తగా దిగింది. కోడలు చెప్పినట్టే ముక్కలు నాలుగువైపులా విడిపోయాయి. ఆ అమ్మాయి వాళ్ళమ్మకి వీడియోలో చూపిస్తూ ఏడుస్తూ నవ్వుతోంది. నేను ఒక ముక్క తిన్నాను. తియ్యగా ఉంది. తిన్నాక కూడా ఆ రాత్రి మూడుసార్లు లేచి కోడలి గది తలుపు దగ్గర నిలబడి ఊపిరి విన్నాను. ఆ తర్వాత ప్రతిరోజూ, కాన్పయ్యేదాకా, అదే పని.

మార్చి నెలాఖరులో మనవరాలు పుట్టింది. మొన్న ఆ గంపలగూడెం రైతు మళ్ళీ ఒక కాయ తెచ్చాడు. మా ఆయన దాన్ని వంటింట్లో పెట్టి, కత్తిపీట వాల్చి, షాపుకి వెళ్ళిపోయారు. నేను దాని ముందు రెండుసార్లు కూర్చుని లేచాను. ఒళ్ళో మనవరాలు ఉంది. నా వల్ల కాలేదు.

మధ్యాహ్నం ఆయన వచ్చేసరికి కాయ ఎలా ఉన్నది అలాగే ఉంది. చూసి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, ఆయనే కొట్టారు. నేను పులుసు పెట్టాను. ఆయన మూడుసార్లు వేయించుకున్నారు.